రాత్రి తడి

(గ్రంథాలయ వారోత్సవాల ముగింపు సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న సర్పంచ్ గారికి, గ్రంథపాలకులకు, బడి పంతుళ్లకు, ముందు చాప మీద కూర్చున్న పిల్లలకు, వెనక ప్రహరీ గోడెక్కి కూర్చున్న నా ఈడువాళ్లకు పేరుపేరునా నమస్కారం. నన్ను పుస్తక పఠనం మీద మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్లకు పైగా కరెంటు స్తంభాలెక్కినవాణ్ని నేను. పుస్తకాల సంగతి నాకన్నా బాగా చెప్పగలవాళ్లు ఈ వేదిక మీదే ఉన్నారు. అందుకని ఈ లైబ్రరీ అరుగు గురించి చెప్తాను. ఆ అరుగు మీద మేం మాట్లాడుకున్న రేపటి కరెంటు గురించి చెప్తాను. పెద్దలు అనుమతించాలి.

సాయంత్రం ఆరు దాటితే ఐదుగురం చేరేవాళ్లం. సైకిల్ షాపాయన, లెక్కల సారు, పాలకేంద్రం నడిపే మా బావ, నేను, ఇంకొకడు. ఆ ఇంకొకడి కోసమే ఈ మైకు పట్టుకున్నాను. పేరు చెప్పను. వాడి పిల్లలు ఈ సభలోనే ఉన్నారు. నాలుగెకరాలు, ఒక బోరు, పదో తరగతి చదువు. పాత పేపర్లు అడిగి తీసుకుని, కరెంటు వార్త కనబడితే కత్తిరించి అట్టకు అంటించేవాడు. ఫ్రాన్సులో ఏడు పక్షాలు కలిసి ఐటర్ అనే సంలీన యంత్రం కడుతున్నాయి, అందులో మన దేశం కూడా ఉంది అన్న వార్త మాకు మొదట చెప్పింది వాడే. సూర్యుడిలో జరిగేది అదే కదా, హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియం కావడం, దాన్ని మనుషులు కుండలో పట్టాలని చూస్తున్నారు అని చేతులు గుండ్రంగా పెట్టి చూపించేవాడు.

సౌరవిద్యుత్తు సంగతి వచ్చినప్పుడు మాత్రం ఒకటే మాట అనేవాడు. "పగటి ఎండను రాత్రికి దాచుకునే ఉపాయం చెప్పండప్పా, తక్కినవన్నీ తర్వాత."

ఒకరోజు వాడే ఉపాయం తెచ్చాడు. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో ఆరు యంత్రాలున్నాయి, ఒక్కొక్కటి 150 మెగావాట్లు. నీళ్లు పడితే కరెంటు ఇస్తాయి. అవే యంత్రాలను వెనక్కి తిప్పితే పంపులై కింది నీళ్లను పైకెత్తుతాయి. కరెంటు మిగిలినప్పుడు ఎత్తు, అవసరమైనప్పుడు దించు. "కొండ మీది నీళ్లే బ్యాటరీ" అన్నాడు. సైకిల్ షాపాయన నమ్మలేదు. దాంతో లెక్కల సారు సుద్దముక్క తీసి అరుగు మీదే లెక్క మొదలుపెట్టారు. ట్రాక్టర్ ట్యాంకరు ఐదు వేల లీటర్లు. దాన్ని వంద మీటర్ల కొండెక్కించి వదిలితే ఎంత కరెంటు? వచ్చింది ఒక యూనిట్టూ మూడోవంతు. యంత్రం తినేది పోగా యూనిట్టు కన్నా కాస్త పైన.

"ట్యాంకరు నీళ్లకు ఒక్క యూనిట్టా సారూ!" సైకిల్ షాపాయన నోరు తెరిచాడు. ఐదు హెచ్‌పీ మోటారు దాంతో పావుగంట నడిస్తే గొప్ప. మా బావ లేచి వెళ్లిపోబోయాడు. వాడు మాత్రం ఆ సుద్దగీతల వైపే చూసి, "అయితే ట్యాంకరు చాలదు, చెరువునే ఎక్కించాలి" అన్నాడు.

ఇప్పుడు పాణ్యం పక్కన పిన్నాపురంలో చేస్తున్నది అదే. కొండ మీద ఒక జలాశయం, కింద ఒకటి, మధ్యలో 1680 మెగావాట్ల యంత్రాలు. పగలు ఎండ కరెంటుతో నీళ్లు పైకి, పొద్దు గూకాక కిందికి. ఎక్కించడానికి పెట్టినదాంట్లో ఐదో వంతో, నాలుగో వంతో పోతుంది. పోనీండి. ఉదయం పిండిన పాలు సాయంత్రందాకా నిలవ చేయాలన్నా ఐసు ఖర్చు ఉండదా? వాడుంటే మొదటిరోజే బండి కట్టించుకుని చూసొచ్చేవాడు.

వాడు లేడు. పదిహేనేళ్లవుతోంది.

ఈ పిల్లలకు రాత్రి తడి, అంటే చీకట్లో చేనుకు నీళ్లు పెట్టడం, తెలియకపోవచ్చు. అప్పట్లో వ్యవసాయానికి త్రీఫేజ్ కరెంటు వంతులవారీగా వచ్చేది. ఈ వారం మీ ఫీడరుకు, అంటే సబ్‌స్టేషన్ నుంచి మీ చేలకొచ్చే లైనుకు, పగలు, వచ్చేవారం రాత్రి. కరెంటు వచ్చిందంటే ఏ వేళైనా రైతు బోరు దగ్గర ఉండాల్సిందే. ఆటో స్టార్టరు పెట్టుకోవద్దని మేమే చెప్పేవాళ్లం. కరెంటు రాగానే వందల మోటార్లు ఒక్కసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ఆ మాట నిజమే. కానీ ఆ మాటకు అవతలి పక్క ఒక మనిషి అర్ధరాత్రి పాములున్న గట్టు మీద ఒంటరిగా నడుస్తున్నాడు.

ఆ వారం మా ఫీడరుకు రాత్రి పదకొండు నుంచి మూడు. వాడు ఉల్లికి తడి కట్టాడు. మడవ తిప్పి, తడి కాళ్లతో వచ్చి స్టార్టర్ డబ్బా మూత పట్టుకున్నాడు. లోపల తీగ తొడుగు కరిగి ఇనుప డబ్బాకు ఆనుకుని ఉంది. డబ్బాలోకి పారిన కరెంటును నేలలోకి దించే ఎర్తు లేదు. మోటారు మాత్రం మూడింటిదాకా నడిచింది. తెల్లవారి మేం వెళ్లేసరికి, మడవ మళ్లించే మనిషి లేక నీళ్లన్నీ ఒక్క మడిలోనే నిండి ఉల్లినారు మునిగి ఉంది.

పది రోజుల ముందు ఆ డబ్బా మీద నేను చెయ్యి వేశాను. జివ్వుమంది. "ఆదివారం వచ్చి ఎర్తు వేస్తా, అందాకా చెప్పులేసుకో" అన్నాను. ఆదివారం నాకు ఇంకో ఊళ్లో లైను పని పడింది. ఈ మాట నేను ఇన్నేళ్లూ అరుగు మీద కూడా అనలేదు. అమ్మా, మీ నాన్న విషయంలో నాది తప్పు. ఈ ఊరి ముందు చెప్తున్నాను.

క్షమించండి, కొంచెం నీళ్లు తాగుతాను.

ఆ తర్వాత కూడా మేం నలుగురం ఆ అరుగు మీదే కూర్చుంటున్నాం. 2017లో ఓర్వకల్లు వైపు వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు లేచింది. గని, శకునాల దారిలో పోతే ఆ పలకలు చెరువులా కనబడతాయి. 2022 డిసెంబరులో అమెరికాలోని లివర్మోర్ ప్రయోగశాలలో లేజర్లతో సంలీనం చేసి, హైడ్రోజన్ ఇంధన గుళిక మీద పెట్టిన 2.05 మెగాజౌళ్లకు 3.15 మెగాజౌళ్లు రాబట్టారు. సారు లెక్క కట్టారు. వచ్చింది ఒక యూనిట్టుకు తక్కువే. ఆ లేజర్లు లైను నుంచి లాగింది దాదాపు ఎనభై యూనిట్లు. అయినా ఆ సాయంత్రం మేం తొమ్మిదిదాకా లేవలేదు. మంటకు పెట్టినదానికన్నా మంట ఎక్కువ ఇచ్చింది, మొదటిసారి! వాడి చోటు ఖాళీగా వదిలి మాట్లాడుకున్నాం.

పిల్లలూ, మీరు ఫోన్లో సంలీనం చూడండి, హైడ్రోజన్ చూడండి, సోడియం బ్యాటరీ చూడండి. స్నేహితులతో గొంతు పోయేదాకా వాదించండి. కానీ ప్రతి కొత్త యంత్రం ముందూ ఒక ప్రశ్న పెట్టండి: దీనివల్ల రైతు రాత్రి ఇంట్లో పడుకుంటాడా? నాకు సోలార్ మీద ఇంత ప్రేమ ఎందుకంటే, దాని వేళా చేను తడిపే వేళా ఒకటే. నీళ్లు మడిలో నిలిస్తే అదే నిలవ, దానికి బ్యాటరీ అక్కర్లేదు. వ్యవసాయానికి పగలే తొమ్మిది గంటలు అన్నది ఇప్పుడు ప్రభుత్వ విధానం. కేంద్ర ప్రభుత్వ కుసుమ్ పథకం కింద ఫీడర్లనే సోలార్‌కు మార్చే వీలుంది. సర్పంచ్ గారూ, మన ఫీడరు ఆ జాబితాలో ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే అర్జీ నేను రాస్తాను, మొదటి సంతకం నాది.

గంట కొట్టారు, నాకు వినబడింది. ఇంకొక్క మాట.

మీలో ఎంతమంది స్టార్టర్ డబ్బాలకు ఎర్తు ఉంది? చేతులెత్తండి. చూశారా, సగం కూడా లేవలేదు. రేపు పొద్దున ఏడింటికి ఇదే అరుగు మీద ఉంటాను. వరసగా ఒక్కో చేనికి వస్తాను, కూలి వద్దు. ఇనుప పైపు, తీగ మీరు కొనండి. బొగ్గు సైకిల్ షాపాయన తెస్తానన్నాడు, ఉప్పు నేను తెస్తాను. మనిషెత్తుకు మించి లోతు రావాలి, గుంత ఈ రాత్రికి కాదు, రేపు తెల్లారాక తవ్వండి.