ఏరు పొంగితే ఊరి మ్యాప్ మార్చేస్తామేటి?

అందరికీ నమస్కారం. సెలవుకి సిక్కోలు వచ్చాను, నా వెనకాల కనబడుతున్నది మన నాగావళే. అమెరికా నర్సింగ్ హోముల్లో ఎండీఎస్ పనికి, అంటే అక్కడుండేవాళ్ల ఆరోగ్య పరిస్థితిని అంచనా వేసి నిర్ణీత ఫారంలో రాసే పనికి తయారవుతున్న అమ్మాయిలు అడిగిందే అడుగుతున్నారు: "మేడమ్, మామ్మగారికి జ్వరమొచ్చింది, సిగ్నిఫికెంట్ చేంజ్ అసెస్‌మెంట్ చేసెయ్యాలా?" అంటే పెద్ద మార్పు వచ్చిందని మనిషి పరిస్థితినంతా మళ్లీ అంచనా వెయ్యడం. ఒక్క జ్వరానికే అయితే వద్దమ్మా వద్దు!

ఒడిశా కొండల్లో వానలు దంచితే ఇక్కడ చినుకు లేకపోయినా ఈ ఏరు ఎర్రగా పొంగుతుంది. రెండు రోజులాగితే తీసేస్తుంది. దానికి ఊరి మ్యాప్ మార్చేస్తామేటి? జలుబు, చిన్న జ్వరం, ఓ రెండు పూటలు తిండి సయించకపోవడం, ఇవన్నీ వరదలే. డాక్టరుకి చెప్తాం, రికార్డులో రాస్తాం, కనిపెట్టుకుని ఉంటాం.

అదే ఏరు గట్టు కోసేసి పక్క పొలంలోంచి దారి చేసుకుందనుకోండి. నీరు తీసినా పాత దారికి రాదు. అప్పుడు మార్చాలి మ్యాప్. మామ్మగారు 60 కిలోలుండేవారు, నెల తిరక్కుండా 57కి వచ్చేశారు. అంటే 5 శాతం. మొన్నటిదాకా చెయ్యందిస్తే నడిచేవారు, ఇప్పుడు ఇద్దరు పట్టుకుంటే గాని లేవలేరు. గట్టు రెండు చోట్ల తెగింది! మామూలు మందుమాకులతో దానంతటది సర్దుకునేది కాదు, ఒకటికి మించి విషయాల్లో తేడా ఉంది, టీమంతా కూర్చుని కేర్ ప్లాన్, అంటే ఆ మనిషిని ఎలా చూసుకోవాలో రాసుకున్న ప్రణాళిక, మళ్లీ చూడాలి. ఈ మూడూ కలిస్తేనే అది సిగ్నిఫికెంట్ చేంజ్.

నాకు ఒళ్లు మండేది ఇంకోటుంది. క్షీణిస్తేనే మార్పు అనుకుంటారు చాలామంది. ఏరు పక్కకి జరిగితే ఇటు ఇసకమేట బయటపడదేటి? మామ్మగారు తేరుకున్నారు, తనే తింటున్నారు, తనే బాత్రూముకి వెళ్తున్నారు. అదీ మార్పే, అదీ రాయాలి. పాత ప్లాన్ పట్టుకుని ఇంకా వీల్‌చెయిర్లోనే తిప్పుతుంటే ఉన్న కాళ్లు కూడా పోతాయి. బాగుపడ్డ మనిషిని మన బద్ధకంతో మంచాన పడేసినట్టే కదా!

ఇక లెక్క. అసెస్‌మెంట్ పూర్తి చెయ్యడానికి 14 రోజుల గడువు. అది మార్పు మొదలైన రోజు నుంచి కాదు, ఇది పెద్ద మార్పే అని టీమ్ తేల్చిన రోజు నుంచి. వరదో, గట్టు తెగడమో తెలియకపోతే, తేల్చుకోడానికి కూడా 14 రోజుల దాకా చూడొచ్చు. అలాగని పడుకోకండి, అనుమానం వచ్చిన రోజే రికార్డులో రాయండి. అసెస్‌మెంట్ అయ్యాక కేర్ ప్లాన్‌కి 7 రోజులు.

అయ్యో, బ్యాటరీ ఎర్రగీతకొచ్చేసింది. హాస్పీస్, అంటే చివరి దశలో ఉన్నవాళ్లకి నొప్పీ బాధా తగ్గించి చూసుకునే సేవ, దాని సంగతి గబగబా చెప్పేస్తాను: హాస్పీస్‌లో చేరితే ఈ గట్ల లెక్కలేవీ అక్కర్లేదు, అసెస్‌మెంట్ చెయ్యాల్సిందే. నర్సింగ్ హోములోనే ఉంటూ హాస్పీస్ మానుకున్నా చెయ్యాల్సిందే. "పోయిన వారమే ఒకటి చేశాం కదా మేడమ్" అంటారేమో, అయినా సరే, మళ్లీ చెయ్యాలి. ఉంటానమ్మా.