ఏడేళ్లంటే ఏడేళ్లే: ఒలీవియా డి హావిలాండ్ కేసు

[తెరపై: 1943 మే నెల క్యాలెండర్]

ఏడేళ్ల అగ్రిమెంటు గడువు తీరిపోయింది. ఇక వార్నర్ బ్రదర్స్ స్టూడియో నుంచి బయటపడొచ్చనుకుంది హాలీవుడ్ నటి ఒలీవియా డి హావిలాండ్. స్టూడియో మాత్రం ఇంకా దాదాపు 25 వారాలు బాకీ ఉందని లెక్క తీసింది. ఆ లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. అప్పటి హాలీవుడ్ గుట్టంతా అందులోనే ఉంది.

[తెరపై: 1930ల నాటి ఫొటోలు]

పుట్టింది 1916లో, టోక్యోలో. తల్లిదండ్రులు ఇంగ్లిష్‌వాళ్లు. పెరిగింది కాలిఫోర్నియాలోని సారటోగాలో. 1934లో వార్నర్‌లో చేరింది. ఎరల్ ఫ్లిన్ పక్కన ఎనిమిది సినిమాలు చేసింది. హీరో కత్తి తిప్పుతుంటే కళ్లప్పగించి చూసే పాత్రలే ఎక్కువ. మనందరికీ గుర్తున్న 'గాన్ విత్ ద విండ్' మెలనీ పాత్ర వార్నర్ ఇచ్చింది కాదు. నిర్మాత సెల్జ్‌నిక్ ఆమెను వార్నర్ దగ్గర అరువు తీసుకున్నాడు.

[తెరపై: అగ్రిమెంటు బొమ్మ, 52 వారాల గడులు ఏడు]

ఇప్పుడు 1936లో రాసుకున్న అగ్రిమెంటు చూడండి. మొదట 52 వారాలు. ఆ తర్వాత ఆరుసార్లు, ఒక్కోసారి 52 వారాల చొప్పున పొడిగించుకునే హక్కు. ఆ హక్కు స్టూడియోదే. నచ్చకపోతే వాళ్లు వదిలేయొచ్చు, నటి మాత్రం వదిలి వెళ్లకూడదు.

ఇచ్చిన పాత్ర వద్దంటే సస్పెన్షన్. అంటే జీతం ఆగిపోతుంది, బయట ఎక్కడా పనిచేయకూడదు. అసలు మెలిక ఆ తర్వాత ఉంది. సస్పెన్షన్‌లో గడిచిన రోజులన్నీ అగ్రిమెంటు చివర కలిపేస్తారు. 12 వారాలు ఖాళీగా కూర్చుంటే, విడుదల 12 వారాలు వెనక్కి జరుగుతుంది. చెత్త పాత్ర చేయాలి, లేదా బాకీ పెంచుకోవాలి. మూడో దారి లేదు. 1936లో మరో నటి బెట్టీ డేవిస్ ఇదే వార్నర్‌తో తగవు పడి ఇంగ్లండ్ వెళ్లింది. అక్కడి కోర్టు స్టూడియో పక్షానే తీర్పు చెప్పింది.

[తెరపై: సెక్షన్ 2855]

ఒలీవియా లాయరు మార్టిన్ గ్యాంగ్ పట్టుకున్నది కాలిఫోర్నియా కార్మిక చట్టంలోని 2855వ సెక్షన్. ఏడేళ్లు దాటాక ఏ ఉద్యోగినీ అగ్రిమెంటు చూపించి కట్టిపడేయడానికి వీల్లేదంటుంది అది. ఏడేళ్లంటే నిజంగా పనిచేసిన ఏడేళ్లు అని స్టూడియో వాదన. కాదు, క్యాలెండర్‌లో గడిచిన ఏడేళ్లు అని గ్యాంగ్ వాదన. 1944 మార్చిలో కింది కోర్టు, డిసెంబరులో అప్పీలు కోర్టు ఒలీవియా వైపే నిలిచాయి. 1945 ఫిబ్రవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు మళ్లీ విచారించడానికి ఒప్పుకోలేదు.

తీర్పులో నాకు అన్నిటికన్నా గట్టిదనిపించే మాట ఒకటుంది. ఇది కార్మికుల మేలు కోసం పెట్టిన చట్టం కాబట్టి, దాన్ని వదులుకుంటున్నానని ముందే సంతకం పెట్టినా ఆ సంతకం చెల్లదు. ఈ మాటే లేకపోతే మర్నాడే ప్రతి అగ్రిమెంటులోనూ ఆ ఒక్క వాక్యం చేరిపోయేది.

ఈలోగా స్టూడియో అధిపతి జాక్ వార్నర్ మిగతా స్టూడియోలన్నిటికీ ఉత్తరాలు రాశాడు, ఆమెకు పని ఇవ్వొద్దని. దాదాపు రెండేళ్లు సినిమా లేదు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో ఆమె అలాస్కా దగ్గరి అల్యూషన్ దీవుల్లో, దక్షిణ పసిఫిక్‌లో సైనిక ఆసుపత్రులు తిరిగి గాయపడ్డవాళ్లను పలకరించింది.

[తెరపై: కేథరిన్ పాత్రలో ఒలీవియా, మెట్ల మీద పెట్టె మోస్తూ]

బయటికొచ్చాక ఎంచుకున్న పాత్రలు చూడండి. 1946లో 'టు ఈచ్ హిజ్ ఓన్', మొదటి ఆస్కార్. 1948లో 'ద స్నేక్ పిట్' కోసం మానసిక వైద్యశాలలకు వెళ్లి రోగులను, చికిత్సలను దగ్గరుండి గమనించింది. 1949లో 'ద హెయిరెస్', రెండో ఆస్కార్. అందులో ఆమె పాత్ర పేరు కేథరిన్. లేచిపోదామన్న ప్రియుడు రాలేదు. కేథరిన్ పెట్టె మోసుకుంటూ మళ్లీ మేడెక్కాలి. ఎన్ని టేకులు తీసినా దర్శకుడు విలియం వైలర్‌కు నచ్చలేదు. పెట్టె ఖాళీది మరి! చివరికి నిండా బరువైన పుస్తకాలు పెట్టించాడు. ఆ షాట్‌లో ఆమె భుజం ఎలా కుంగిందో, చెయ్యి రెయిలింగ్‌ను ఎలా పట్టుకుందో చూడండి. వార్నర్ ఆమెకు ఇలాంటి సీను ఒక్కటీ రాయించలేదు.

1950లలో పారిస్‌లో స్థిరపడింది. 1965లో కాన్ చలనచిత్రోత్సవం జ్యూరీకి తొలి మహిళా అధ్యక్షురాలైంది. 2020 జులైలో, 104 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

[తెరపై: రికార్డింగ్ స్టూడియో]

సెక్షన్ 2855 ఇప్పటికీ అమల్లో ఉంది, ఒక మినహాయింపుతో. 1987 సవరణ ప్రకారం, గాయకులు ఏడేళ్లు దాటాక వెళ్లిపోయినా, ఒప్పుకుని ఇవ్వని ఆల్బమ్‌లకు కంపెనీ నష్టపరిహారం అడగొచ్చు. 2008లో థర్టీ సెకండ్స్ టు మార్స్ బ్యాండ్ మీద వాళ్ల రికార్డు కంపెనీ ఈఎంఐ 3 కోట్ల డాలర్లకు దావా వేసింది. బ్యాండ్ ఒలీవియా కేసునే అడ్డం పెట్టుకుంది. మరుసటి ఏడు ఇద్దరూ రాజీపడి, కొత్త అగ్రిమెంటు రాసుకున్నారు.