"ఎక్కడుంటావు?" అంటే ఏం చెప్పాలి?

(దృశ్యం: తెల్లవారుజాము నాలుగున్నర. విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఫుట్‌పాత్. ఒకాయన లేచి కూర్చుంటాడు. తల కింద గుడ్డలో చుట్టిన చెప్పులు.)

వాయిస్: తలగడ లేక కాదు, పొద్దున్నే చెప్పులు ఉండవేమోనని అలా పెట్టుకుంటాడు. నడుముకు కట్టుకున్న పాలిథిన్ కవర్లో ఆధార్ జిరాక్స్ ఉంటుంది. మడత పడ్డ చోట అంకెలు చెరిగిపోయాయి.

పార్వతీపురం వైపు నుంచి పనికొచ్చిన మనిషి. చేతులున్నాయి, పని వచ్చు. కానీ సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లయినా, బ్యాంకు వాళ్లయినా, ఇంటి ఓనరయినా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎక్కడుంటావు?"

(దృశ్యం: బీచ్ రోడ్డు. సెల్ఫీ తీసుకుంటూ పులిహోర పొట్లాలు పంచుతున్న కుర్రాళ్లు.)

వాయిస్: పంచండి, తప్పు లేదు. అయినా అన్న క్యాంటీన్లో 5 రూపాయలకే భోజనం దొరుకుతున్న ఊర్లో ఆయన ఇరుక్కుపోయింది అన్నం దగ్గర కాదు, అడ్రస్ దగ్గర.

అందుకే మొదటి మెట్టు షెల్టర్, అంటే ఇల్లు లేనివాళ్లు తలదాచుకునే వసతి. ప్రతి లక్ష జనాభాకు కనీసం వంద మంది పట్టే షెల్టర్ ఉండాలని 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధన పెట్టింది. 2011 లెక్కల్లో విశాఖ జనాభా 17 లక్షల పైమాటే. ఎన్ని పడకలు ఉండాలో మీరే గుణించి చూడండి.

షెల్టర్ ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండటం కూడా ముఖ్యం. రాత్రంతా వాచ్‌మన్ డ్యూటీ చేసిన మనిషిని పొద్దున్నే బయటికి పంపేస్తే ఎక్కడ పడుకుంటాడు? ఉద్యోగం నాలుగు రోజుల్లో పోతుంది.

ఇక కాగితాల సంగతి. గుర్తింపు ఉన్న షెల్టర్ నిర్వాహకుడు ఇచ్చే సర్టిఫికెట్‌ను ఆధార్‌కు అడ్రస్ ప్రూఫ్‌గా తీసుకుంటారు. కార్డు పోయినా కంగారు పడక్కర్లేదు, ఆధార్ కేంద్రంలో వేలిముద్ర పెట్టి పాత నంబరు తీయించుకోవచ్చు.

(దృశ్యం: రాత్రి. టార్చి వెలుగులో నడిచి వస్తున్న ఉద్యోగిని. చేతిలో ఫైలు.)

వాయిస్: ఓటరు కార్డు సంగతి వింటే మీరు నమ్మరు. ఇల్లు లేని మనిషి ఓటరు నమోదుకు ఫారం 6 దరఖాస్తు ఇస్తే, బూత్ లెవెల్ ఆఫీసర్ రాత్రిపూట వచ్చి ఆయన నిజంగా అక్కడే పడుకుంటున్నాడా అని చూడాలి. ఒక్క రాత్రి సరిపోదు, మళ్లీ రావాలి. అక్కడే ఉంటున్నాడని తేలితే వేరే అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు. అంటే ఫుట్‌పాత్ కూడా చిరునామాయే! మన రూల్స్‌లో ఇంత మంచి రూలు ఉందని చాలామందికి తెలియదు.

ఆధార్ చేతికొస్తే జీరో బ్యాలెన్స్ జన్‌ధన్ ఖాతా. ఖాతా ఉంటే కూలి డబ్బు మేస్త్రీ దగ్గర ఉండిపోకుండా నేరుగా పడుతుంది. రోజూ అడ్డా మీద నిలబడి ఎవరో పిలిస్తే వెళ్లడం కాకుండా, నెల జీతం పని చూసుకోవచ్చు. తోపుడు బండి పెట్టుకుంటానంటే వీధి వ్యాపారుల కోసం 2020లో వచ్చిన పీఎం స్వనిధి రుణం ఉంది.

అందరిదీ ఇదే దారి కాదు. మతిస్థిమితం లేక తిరిగే వాళ్లను ముందు వైద్యానికి చేర్చాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆ బాధ్యతను పోలీసుల మీద పెట్టింది. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అలాంటి వాళ్లతో ఉద్యోగం మాట ఆ తర్వాతే.

(దృశ్యం: గాజువాక సందులో టులెట్ బోర్డు.)

వాయిస్: అసలు చిక్కు ఆఖర్న వస్తుంది. నెల అద్దె ఎలాగోలా కడతాడు. రెండు మూడు నెలల అడ్వాన్స్ ఒక్కసారే ఎక్కడి నుంచి తెస్తాడు? షెల్టర్లో ఏడాది ఉన్నవాళ్లు కూడా ఇక్కడే ఆగిపోతారు. సాయం చేయాలనుంటే నెలనెలా పొట్లాలు పంచేకన్నా ఒక మనిషికి అడ్వాన్స్ సర్దండి. ఓనర్‌కు మీ ఫోన్ నంబరు ఇచ్చి "ఏదైనా ఉంటే నాకు చెప్పండి" అనండి. ఆ హామీకి డబ్బుతో సమానమైన విలువ ఉంటుంది. మీదే గది ఖాళీగా ఉంటే, అడ్వాన్స్‌ను నాలుగు నెలలకు పంచి తీసుకోగలరేమో చూడండి.

(దృశ్యం: కెమెరా బోర్డు దగ్గరికి వెళుతుంది. కింద చిన్న అక్షరాల్లో: "ఫ్యామిలీకి మాత్రమే".)