గంజి చొక్కా మీద నీలం మచ్చ

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, డాక్టరు గారికి, నర్సమ్మలకి, ఈ రక్తదాన శిబిరం పెట్టిన మన పర్లాకిమిడి కుర్రాళ్లకి, అన్నట్టు ఒడియా మిత్రులు కూడా వచ్చారు, మీకూ నమస్కారం. రక్తదానం గొప్పతనం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. రాసుకొచ్చాను కూడా. కానీ ఇందాక ఒకటి జరిగింది, కాగితం జేబులో పెట్టేశాను.

ఇదిగో, నా చొక్కా చెయ్యి చూడండి. వెనకవాళ్లకి కనిపిస్తోందా? సూది గుచ్చేముందు నర్సమ్మ అయోడిన్ మందు రాసింది. మందు గోధుమరంగు, చుక్క పడ్డచోట మచ్చ మాత్రం నల్లనీలం. పాపం ఆ అమ్మాయి కంగారుపడిపోయింది. నేనేమో యాభై ఏళ్లు వెనక్కి పోయాను.

ఆరో తరగతి. మోకాలు చెక్కుకుపోతే అమ్మ టింక్చర్ రాసి, గంజి పెట్టిన తెల్లచొక్కా తొడిగి బడికి పంపింది. దాని మీదా ఇలాగే చుక్క. సిరా ఒలకబోసుకున్నావని మాస్టారు బెంచీ ఎక్కించారు. పేరెందుకులెండి, ఆయన ఇప్పుడు లేరు. "సిరా కాదు సార్, మందు" అన్నందుకు అబద్ధం కూడానా అని ఇంకో రెండు తగిలించారు. మందు గోధుమరంగులో ఉంటే మచ్చ నీలమెలా అవుతుందిరా అన్నారు. మంచి ప్రశ్నే. కానీ ఆయన సైన్సు మాస్టారండీ!

గంజి అంటే పిండిపదార్థం, గ్లూకోజు పూసలు వందలు, వేలు గుచ్చిన దండలు. అందులో అమైలోజ్ అనే దండ స్ప్రింగులా సుళ్లు తిరుగుతుంది, చుట్టుకి ఆరు పూసలు. అయోడిన్ ఆ గొట్టంలో దూరి కూర్చుంటే నీలం. తమాషా ఏంటంటే చొక్కా నూలు కూడా గ్లూకోజే. సెల్యులోజ్ అంటాం. అదే పూస, కాకపోతే ఒకటి విడిచి ఒకటి తిరగేసి గుచ్చినట్టుంటుంది. అందుకని సుడి తిరగదు, నిటారుగా సాగి పక్క దండలతో బిగిసిపోతుంది, అయోడిన్ దూరడానికి సందుండదు. గంజి లేని నూలు మీదైతే ఉత్త గోధుమ మరకే.

మన జీర్ణరసాల్లోని ఎంజైములు అన్నంలోని పూసల ముడి విప్పుతాయి, గడ్డిలోని సెల్యులోజ్ ముడి విప్పలేవు. ఆవు తింటోంది కదా అంటారు, ఆవుకీ చేతకాదు, దాని కడుపులో సూక్ష్మజీవులు చేసిపెడతాయి. కాలేయంలో మనం దాచుకునే గ్లైకోజెన్ కూడా ఈ పూసలే, కాకపోతే దానికి కొమ్మలెక్కువ, అవసరానికి ఒకేసారి చాలా కొసల నుంచి తెంపుకోవచ్చు. కార్బోహైడ్రేట్లంటే విషమని ఫోన్లలో తిట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లుమంట. చల్లారిన అన్నంలో కొంత పిండి మళ్లీ గట్టిపడి మనకి లొంగకుండా పెద్దపేగుకి చేరి అక్కడి బ్యాక్టీరియాకి మేతవుతుంది. పులిసిన గంజినీళ్లు, అదే మన తరవాణి, ఒడియావాళ్ల తొరాణి... సరే, అటు వెళ్తే రాత్రయిపోతుంది.

రక్తం సంగతికొస్తాను. ఎర్ర రక్తకణాల మీద చక్కెర గొలుసులుంటాయి. గొలుసు కొసన గాలక్టోజ్ తగిలితే బి గ్రూపు, దాని చుట్టం ఎన్-అసిటైల్ గాలక్టోజమైన్ తగిలితే ఎ, రెండు రకాలూ ఉంటే ఏబీ, ఏదీ తగలకపోతే ఓ. ఒక్క చక్కెర తేడా, తప్పు రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదికొస్తుంది! ఆ కింది గొలుసు కూడా పూర్తికానివాళ్లున్నారు, 1952లో బొంబాయిలో గుర్తించారు, అందుకే బాంబే గ్రూపు. వాళ్లకి ఓ రక్తం కూడా పడదు. ఇవాళ ఇక్కడ అలాంటివాళ్లు తేలితే దయచేసి ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లండి.

ఆ, చొక్కా. ఆ సాయంత్రం అమ్మ నిమ్మచెక్కతో రుద్దితే మచ్చ చిటికెలో మాయమైంది. అందులోని సి విటమిన్ అయోడిన్ రంగుని తీసేస్తుంది, సిరా అయితే అలా పోయేదా? మర్నాడు పరిగెత్తుకెళ్లి చూపించాను. "వేరే చొక్కా వేసుకొచ్చావా?" అన్నారు మాస్టారు. నాకున్న తెల్లచొక్కా అదొక్కటేనండీ.

అక్కడ బల్ల దగ్గర నిమ్మరసం కలుపుతున్న బాబూ, ఒక చెక్క పిండకుండా ఉంచు. ఈ మచ్చతో ఇంటికెళ్తే మా ఆవిడ ఊరుకోదు.