సబ్బు లేని బుడగ: ఈ పొర ఎందుకు కారిపోదు?

[తెర మీద: సన్నని పలకలో రంధ్రం, దానిపై మెరిసే పొర]

నమస్తే. ద్రవంలా పారుతూనే అణువులు ఒక వరసలో ఉండే పదార్థాన్ని లిక్విడ్ క్రిస్టల్ అంటారు. దానితో చేసిన పలచటి పొర, అంటే లిక్విడ్ క్రిస్టల్ ఫిల్మ్, మాట ఎత్తగానే "సబ్బు బుడగ లాంటిదే కదా సార్" అంటారు. కాదు! ఈ మాట వింటే నాకు చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే అసలు విశేషమంతా ఆ తేడాలోనే ఉంది.

సబ్బు పొరలో నడుమ నీళ్లుంటాయి. అవి కిందికి జారతాయి, ఆవిరవుతాయి, పొర పగులుతుంది. ఎయిట్ సీబీ అనే లిక్విడ్ క్రిస్టల్‌లో నీళ్లూ లేవు, సబ్బూ లేదు. పొడుగాటి అణువులు పక్కపక్కన నిలబడి ఒక పొర కడతాయి, దాని మీద ఇంకో పొర. ఒక్కో పొర మందం సుమారు 3 నానోమీటర్లు. ఈ దశ పేరు స్మెక్టిక్.

పాలమూరు ఇండ్లల్లో జొన్నరొట్టెలు కాల్చి దొంతరగా పేరుస్తారు కదా, దాన్ని మనసులో పెట్టుకోండి. దొంతరలో నాలుగు రొట్టెలుంటాయి, లేదా అయిదు. నాలుగున్నర ఉండవు. ఈ ఫిల్మ్ కూడా రెండు పొరలు, మూడు పొరలు, వందల పొరలు కావచ్చు, మధ్య కొలత లేదు. బాగా పలచటి ఫిల్ముల్లో పొరలు రెట్టింపైతే తిరిగొచ్చే వెలుగు నాలుగింతలవుతుంది. అంటే వెలుగు కొలిచి పొరలు లెక్కపెట్టొచ్చు! ఫిజిక్స్‌లో నాకు ఇంత నచ్చిన సంగతి ఇంకోటి లేదు.

రొట్టె మీద రొట్టె జారుతుంది, కానీ పైది కిందిదాంట్లోంచి దూరి దిగదు. ఇక్కడా పొర లోపల అణువులు ద్రవంలాగే తిరుగుతాయి, పక్క పొరలోకి దాటడం మాత్రం కష్టం. ఫిల్మ్ పలచబడాలంటే ఒక రొట్టె మొత్తం తీసెయ్యాలి. అందుకే రోజుల తరబడి నిలుస్తుంది. అయితే రొట్టె గట్టిది, ఈ పొర గట్టిది కాదు. అది మరవొద్దు.

వేడి 33.5 డిగ్రీలు దాటితే దొంతరే ఉండదు. అణువులు ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి గానీ పొరలు పోతాయి. అది నెమాటిక్, టీవీ తెరల్లో వాడే దశ. అందులో ఫిల్మ్ నిలవదు. కాబట్టి ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్‌లో ఏసీ లేని ల్యాబ్‌లో ఇది చేయలేం.

టైమ్ అయిపోతోంది, బుడగ సంగతి గబగబా చెప్తా. ఇదే పదార్థంతో బుడగ ఊదితే, దొంతర మీద అక్కడక్కడ చిన్న రొట్టెలు అదనంగా పెట్టినట్టు మందమైన మచ్చలు ఉంటాయి. వాటిని ద్వీపాలంటారు. భూమ్మీద అవి బరువుకి అడుగుకి జారతాయి. అందుకే 2015లో ఈ బుడగల మీద ఒయాసిస్ అనే ప్రయోగాన్ని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పంపారు, నడిపింది కొలరాడో విశ్వవిద్యాలయంలో నోయెల్ క్లార్క్ బృందం. బరువు లేనిచోట ద్వీపాలు బుడగంతా పరుచుకుంటాయి. రెండు తాకితే కలిసి మళ్లీ గుండ్రంగా మారతాయి. అంచు పొడవు తగ్గితే శక్తి తగ్గుతుంది కదా, అందుకు.