రేవులో చేపల లెక్క

శ్రోతలకు నమస్కారం. కొత్తపట్నంలోనో, ఇసకపల్లిలోనో, మైపాడులోనో పడవ ఒడ్డు చేరగానే వేలంపాట పాడేవారూ, గంపలతో వచ్చిన ఆడవాళ్లూ దాని చుట్టూ మూగుతారు. రేవుల్లో ఒక్కోరోజు ఆ గుంపులోనే ఒక మనిషి పుస్తకం పట్టుకుని, ఎన్ని పడవలు వచ్చాయో, ఏ వలకు ఏ చేప ఎంత పడిందో రాసుకుంటూ ఉంటాడు. ఆయన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ తరఫున లెక్క తీసే మనిషి.

ఆ సంస్థ 1947 ఫిబ్రవరి 3న, స్వాతంత్ర్యానికి ఆరు నెలల ముందే ఏర్పడింది. రామేశ్వరం దగ్గరి మండపం చాలా ఏళ్లు దానికి నెలవు. 1971లో ప్రధాన కార్యాలయం కొచ్చికి మారింది. మన తీరానికి దగ్గరగా విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం ఉంది. 1967లో ప్రభుత్వం దీనిని భారత వ్యవసాయ పరిశోధనా మండలి కిందికి తెచ్చింది. ఆ తర్వాత సన్మానాలు ఎన్ని జరిగినా, నా దృష్టిలో ఆ నిర్ణయమే పెద్ద గుర్తింపు; వరి మీదా గోధుమ మీదా పరిశోధించే సంస్థల వరుసలో సముద్రపు చేపకూ చోటు దక్కింది అప్పుడే.

ఇన్నేళ్లుగా ఆ సంస్థ కూడబెట్టిన ఆస్తి ఆ లెక్కల పుస్తకమే. తీరాన్ని మండలాలుగా, నెలను పది రోజుల భాగాలుగా విడదీసి, ఎంపికైన రేవులో మొదటి రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం ఆరు దాకా, మర్నాడు ఉదయం ఆరు నుంచి పన్నెండు దాకా కళ్లారా చూసి రాస్తారు. నడుమ రాత్రి దిగిన చేపల సంగతి అక్కడివారిని అడిగి తెలుసుకుంటారు. ప్రతి పడవనూ తూచడం సాధ్యం కాదు కనుక, ఈ నమూనాల నుంచే దేశం మొత్తం పట్టుబడిని గణిస్తారు. పడమటి తీరానిదిగా పేరుపడిన నూనె కవ్వళ్లు అనే చేపలు 1980ల తర్వాత తూర్పు తీరంలోనూ విరివిగా పడుతున్నాయని తేల్చి చెప్పగలిగింది ఇటువంటి ఎడతెగని లెక్క వల్లే. ఒక ఏడాది చేప తగ్గితే గాలివాన వల్లనో, వేడి వల్లనో, అతిగా పట్టడం వల్లనో తేల్చుకోవడానికి దశాబ్దాల వెనుకటి అంకెలు కావాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో 61 రోజులు మరపడవల వేట ఆగుతుంది. ఆ రెండు నెలల ఆకలి ఎటువంటిదో పాళేల్లో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. ఏ చేప ఎప్పుడు గుడ్లు పెడుతుందో, నిషేధం తర్వాత ఏ రకం ఎంత పెరిగిందో సంస్థ తన లెక్కల నుంచి తేటతెలుగులో ప్రతి పాళేనికీ చెప్పాలని నా కోరిక. చేప తెచ్చినవారి నోటి మాటతో నిండిన పుస్తకం అది. అందులో ఏం తేలిందో తెలుసుకునే హక్కు వారికుంది.

పుస్తకంతో వచ్చిన మనిషిని చూసి, పన్ను కోసమేమోనని కొందరు పట్టుబడిని తగ్గించి చెబుతారు. మత్స్యకార సోదరులారా, ఆ లెక్క పన్ను కోసం కాదు. ఈసారి ఆయన మీ పడవ దగ్గరికి వస్తే, చందువ ఎంతో, వంజరం ఎంతో, వలలో పడిన చిన్న చేపపిల్లలతో సహా ఉన్నదున్నట్టు చెప్పండి.