జిమ్మీ నోట్‌బుక్

శ్రోతలకు నమస్కారం. ముందుగా ఒక మనవి. భోజనం చేస్తూ వింటున్నవాళ్లుంటే కాస్త వాల్యూమ్ తగ్గించుకోండి. నేను మాట్లాడబోయేది కుక్క విరేచనాల గురించి. కుక్కను పెంచేవాళ్లకు ఇందులో సిగ్గుపడేదేమీ ఉండదు, వాళ్లు టీ తాగుతూ కూడా ఈ విషయం మాట్లాడుకోగలరు.

మా జిమ్మీకి అప్పుడు నాలుగేళ్లు. ఆరు నెలల పాటు వాడి కడుపు కుదురుగా లేదు. నాలుగు రోజులు బాగుంటాడు, రెండు రోజులు పలచగా వెళ్తాడు. ప్రతిసారీ నేననుకున్నది ఒకటే: బయట ఏదో తిని ఉంటాడు. తగ్గేది. మళ్లీ వచ్చేది. బయట ఏదో తిని ఉంటాడు. ఇలా పదిసార్లు అనుకున్నాక గానీ నాకు తట్టలేదు, ఇవి పది వేర్వేరు అజీర్తులు కావు, ఒకే జబ్బు పదిసార్లు తలుపు తడుతోందని. మూడు వారాలు దాటితే, మధ్యలో తగ్గుతూ వస్తున్నా సరే, దాన్ని దీర్ఘకాలిక సమస్యగానే చూడాలి.

యాంటీబయోటిక్ వేసినప్పుడల్లా రెండు రోజుల్లో గట్టిపడేది, కోర్సు అయిపోగానే కథ మొదటికొచ్చేది. పేగుల్లో ఉండాల్సిన మంచి బ్యాక్టీరియాను కూడా ఆ మందులు దెబ్బతీస్తాయి. అందుకే ఇప్పుడు చాలామంది వెట్ డాక్టర్లు ఇలాంటి కేసుల్లో వాటిని ముందుగా వాడటం లేదు.

చివరికి ఒక డాక్టరు గారు మందు చీటీ రాయకుండా ప్రశ్నలు మొదలుపెట్టారు. రోజుకి ఎన్నిసార్లు వెళ్తున్నాడు? ప్రతిసారీ ఎంత? ముక్కుతున్నాడా? బంక పడుతోందా? రక్తం ఎర్రగా ఉందా, నల్లగా ఉందా? బరువు తగ్గాడా? నా దగ్గరున్న జవాబు ఒక్కటే, "మోషన్స్ అండీ." ఆవిడ నవ్వి ఊరుకున్నారు.

ఆ ప్రశ్నలు ఊరికే అడిగినవి కావు. కొంచెం కొంచెంగా చాలాసార్లు వెళ్తూ, ముక్కుతూ, బంకతోనో ఎర్రటి రక్తపు చారతోనో వస్తుంటే గొడవ పెద్దపేగులో ఉన్నట్టు. వెళ్లేది కొద్దిసార్లే అయినా చాలా ఎక్కువగా వెళ్తూ, కుక్క చిక్కిపోతుంటే చిన్నపేగు వైపు చూడాలి. రెండూ కలిసి ఉండొచ్చు కూడా. ఏ పరీక్ష ముందు చేయాలో చాలావరకు ఈ జవాబులే చెప్తాయి.

మొదట మలపరీక్ష. ఒక్కసారి చేయించి, ఏమీ లేదన్నారని ఊరుకోకూడదు. జియార్డియా అనే సూక్ష్మజీవి గానీ, కొరడా పురుగు గుడ్లు గానీ రోజూ మలంలో పడవు. ఇవాళ కనిపించనిది ఎల్లుండి కనిపించొచ్చు. అందుకే మూడు నుంచి ఐదు రోజుల్లో మూడు నమూనాలు అడుగుతారు. తర్వాత రక్తపరీక్షలు. ఎంత తిన్నా ఇంకా కావాలంటూ ఎముకలు తేలుతున్న కుక్క, అదీ జిడ్డుగా, పాలిపోయిన రంగులో గంపెడు వెళ్తుంటే, క్లోమం సరిగా పనిచేయడం లేదేమో చూడాలి. జర్మన్ షెపర్డ్‌లలో ఇది ఎక్కువ. టీఎల్ఐ అనే రక్తపరీక్షలో బయటపడుతుంది. తిండిలో ఎంజైమ్ పొడి కలిపి పెడితే చాలావరకు కోలుకుంటాయి. అడ్రినల్ గ్రంథుల జబ్బు ఒకటుంది, అడిసన్స్ అంటారు. అదీ కడుపు జబ్బు వేషంలోనే వస్తుంది.

జిమ్మీకి ఇవేవీ కావు. మిగిలింది తిండి. ఈ తిండి కథే నేను అసలు చెప్పాలనుకున్నది.

డాక్టరు గారు జిమ్మీకి మేత మార్చారు. అందులోని ప్రొటీన్‌ను ముందే చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి ఉంటారు, ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ దాన్ని గుర్తుపట్టి తిరగబడకుండా. దానికి హైడ్రోలైజ్డ్ అని పేరు. కొన్ని వారాల పాటు అదీ, మంచినీళ్లూ తప్ప ఇంకేమీ పెట్టొద్దన్నారు. ఇంకేమీ అంటే ఇంకేమీ కాదు. "నోట్లోకి వెళ్లిన ప్రతిదీ రాయండి" అన్నారు. ఆ బాధ్యత మా అమ్మాయి తీసుకుంది. దానికప్పుడు పదకొండేళ్లు, అబద్ధం రాయడం ఇంకా రాదు.

ఐదో రోజుకే మలం గట్టిపడింది. పదో రోజుకి ఇంట్లో పండగ. పదమూడో రోజు రాత్రి రెండు గంటలకు జిమ్మీ తలుపు గీకడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఈ మేత కూడా పనిచేయలేదు, ఆపేద్దామని ఫోన్ చేశాను. ఆవిడ నోట్‌బుక్ పట్టుకు రమ్మన్నారు.

పేజీలు తిప్పుతూ ఒకచోట వేలు పెట్టి ఆపారు. గుండ్రటి అక్షరాలతో మా అమ్మాయి రాసింది: "12వ రోజు. సాయంత్రం. పిడుదుల మాత్ర. నమిలి తిన్నాడు, ఇంకా కావాలన్నాడు." నెలనెలా వేసే మాత్ర అది. వేసింది నేనే. మందు కదా, తిండి ఎలా అవుతుంది? కానీ ఇంకా కావాలని ఎందుకన్నాడు? పెట్టె తిప్పి చూస్తే, మాంసం రుచి కలిపిన మాత్ర!

మరి అంతకుముందు నెలల్లో ఎందుకు పట్టుబడలేదంటారా? బురద కాళ్లతో అందరూ తిరిగిన వసారాలో ఇంకో అడుగు పడితే కనిపించదు. తుడిచిన నేల మీద ఒక్క అడుగు పడినా కనిపిస్తుంది. పాత మేత తిన్నన్నాళ్లూ కడుపు ఎలాగూ చెడి ఉంది కాబట్టి, మాత్ర చేసింది అందులో కలిసిపోయింది. పిడుదుల మందు మాత్రం మానలేదు, మానకూడదు కూడా. మెడ వెనక చర్మం మీద వేసే చుక్కల మందుకు మార్చారు.

ఇంకో మూడు వారాలు బ్రహ్మాండంగా గడిచాక డాక్టరు గారు పాత మేత మళ్లీ పెట్టి చూడమన్నారు. నాకు మనసొప్పలేదు. బాగైన కుక్కను చేజేతులా చెడగొట్టడమా? "మేత మారినందుకు బాగైందో, దానంతటదే బాగైందో మరి ఎలా తెలుస్తుంది?" అన్నారు. చాలామంది ఇక్కడే ఆగిపోతారట. నేనూ ఆగిపోయేవాణ్ణే. పెట్టాం. మూడో రోజు మళ్లీ తలుపు గీకాడు. తర్వాత ఒక్కో పదార్థం విడిగా పెట్టి చూస్తే, దొంగ కోడిమాంసం అని తేలింది. ఆరేళ్లు నిండాయి వాడికి, ఇప్పుడు బాగున్నాడు.

మీ కుక్క కడుపు తరచూ చెడుతుంటే ఈ ఒక్క పని చేయండి. ఒక నోట్‌బుక్ పెట్టి, బిస్కెట్ ముక్క, నమలడానికి ఇచ్చే ఎముక, మందు, మందు దాచి పెట్టిన ముద్ద, పక్కనున్న పిల్లి గిన్నె, అన్నీ రాయండి. ఎవరు పెట్టారో కూడా రాయండి, ఇంట్లో కాస్త గొడవైనా సరే.

టైమైపోయిందని అద్దం అవతల నుంచి చెయ్యి ఊపుతున్నారు. ఒక్క మాట. పొట్ట ఉబ్బి, వాంతికి వస్తున్నట్టు అవస్థ పడుతూ ఏమీ బయటికి రాకపోయినా, మలం తారులా నల్లగా ఉన్నా, ఆగకుండా వాంతులవుతూ కుక్క లేవలేకపోతున్నా నోట్‌బుక్ తెరుస్తూ కూర్చోకండి. వెంటనే బండి తీయండి. సెలవు.